పొజ్జా కొసరు

వాల్తేరు,
20 జూన్ 1937

అన్నయ్యకు శ్రీరంగం నమస్కారాలు.

క్షేమంగా చేరాను. వదిన కట్టిచ్చిన చింతకాయ తొక్కు జాడీకి భద్రాచలంలో లాంచీ ఎక్కేటప్పుడే మూత ఊడింది. నా ధోవతులన్నీ ఇప్పుడు తొక్కు వాసన. మిగిలిన సగం మాత్రం బ్రహ్మాండంగా ఉంది. వదినకు ఆ రెండో మాట ఒక్కటే చెప్పు.

అసలు సంగతికి వస్తాను. నా పరిశోధన వ్యాసానికి విషయం కుదిరింది. మత్తు సరుకుల గిరాకీ. నవ్వకు. మా ఆచార్యులు నన్ను పిలిచి, ఇక్కడ అందరూ వరి, జనుము అంటూ రాస్తారు, మీ అన్న బస్తరు సంస్థానంలో సర్కారు నల్లమందు అమ్మే ఠేకేదారు కదా, నీకంటే బాగా రాయగలిగేవాడు ఎవడున్నాడు అన్నారు. ఇన్నాళ్ళూ ఎవరడిగినా మాది కిరాణా వ్యాపారం అని చెప్పుకుంటూ వచ్చాను. మొన్న మొదటిసారి ఉన్నమాట తల ఎత్తి చెప్పాను.

అలవాటు పడ్డవాడి కంటికి ధర ఆనదని మా ఆచార్యుల వాదన. ధర పెంచితే వాడు అన్నం తగ్గించుకుంటాడు గాని మందు తగ్గించడట. నాకు అలా తోచదు. మామిడిపండు నిన్న తింటే ఇవాళ మోజు కొంత తీరుతుంది. నల్లమందు నిన్న తింటే ఇవాళ ఇంకా కావాలి. అంటే ఇవాళ కొనేవాడు రేపటి అవసరాన్ని కూడా కలిపి కొంటున్నాడు. ఆ సంగతి వాడికీ తెలుసు, వాడూ మనిషే. రేపు ధర పెరుగుతుందని ముందే తెలిస్తే ఇవాళే జాగ్రత్త పడతాడని నా ఊహ.

దసరా నుంచి సర్కారు ధర పెంచుతోందని నువ్వే అన్నావు. ఆ మాట ఇప్పటి నుంచే సంతలో అందరికీ చెప్పి, ఎవరు ఏం చేశారో నాకు రాయి. అంకెలు తహసీలులో దొరుకుతాయి. నాకు మనుషులు కావాలి.

నీ తమ్ముడు
శ్రీరంగం


కొంటా,
11 జూలై 1937

చిరంజీవి శ్రీరంగానికి అన్న రామలింగం దీవెనలు.

నీ ఉత్తరం పైకి చదవమని మీ వదిన తిరుపతమ్మ పక్కనే కూర్చుంది. చెప్పొద్దన్న సంగతి చదివేశాక గాని చెప్పొద్దన్నావని తెలియలేదు. పరిశోధనలు చేసేవాడివి, ఆ ముక్క ముందు రాయవద్దూ? ఈసారి తొక్కు నీకు పంపదట, నేరుగా మీ ఆచార్యులకే పంపుతుందట.

శబరి నిండుగా పారుతోంది. టపా మనిషి ఇవతలికి దాటలేక అవతలి గట్టునే కాపు కాశాడు. అందుకే జవాబు ఆలస్యం.

మనుషులు కావాలన్నావు కాబట్టి ఒకణ్ణి రాస్తాను. కిష్టారం దారిలో ఒక చిన్న గూడెం ఉంది. అక్కడి రైతు పొజ్జా. నాకంటే పెద్దవాడు. నాన్న హయాం నుంచి మన ఖాతా. ఎప్పుడో ఇప్పచెట్టు మీద నుంచి పడి నడుం పట్టేస్తే, నొప్పికని నాన్నే మొదట ఇంత నల్లమందు గోకి పెట్టాడు. ఆ నొప్పి ఎప్పుడు పోయిందో వాడికే గుర్తులేదు. సంత రోజు పొద్దున్నే వచ్చి చింతపండో ఇప్పపువ్వో దింపుతాడు, ఉప్పు కొంటాడు, చివర్న నల్లమందు కొంటాడు. మోదుగాకులో కట్టి ఇచ్చాక కూడా కదలడు. కొసరు కోసం చెయ్యి చాచి నిలబడతాడు. కొసరు వెయ్యకుండా మనిషిని పంపితే మళ్ళీ మన గడప తొక్కొద్దన్నట్టే అనేవాడు నాన్న, నీకు గుర్తుండే ఉంటుంది. ఉప్పుకు ఇంత ఉప్పు, పొగాకుకు ఒక ముక్క, నల్లమందుకు కందిగింజంత. ఆ కొసరును పొజ్జా అక్కడే నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు తెరిచాక నవ్వుతాడు. కొన్న పొట్లం మీద వాడికి అంత ప్రేమ ఉన్నట్టు ఎప్పుడూ కనిపించదు.

నువ్వు చెప్పినట్టే ధర సంగతి అందరికీ దోర్లీలో, గోండీలో, నాకొచ్చిన హల్బీలో చెప్పాను. చాలామంది నవ్వారు. పొజ్జా మాత్రం చాలాసేపు ఆలోచించి, "కొసరు గూడ పిరమైతదా సావుకారీ?" అని అడిగాడు. కొసరుకు ధరెక్కడిదయ్యా అన్నాను. తల ఊపి వెళ్ళిపోయాడు. ఇది నీకు పనికొస్తుందో లేదో చూసుకో.

ఈ ఠేకా వదిలేసి ఉప్పు, బట్ట చూసుకోమని తిరుపతమ్మ ఎప్పటి పాటే పాడుతోంది. నేను వదిలితే వేలంలో ఇంకొకడు పాడుకుంటాడని నా పాట నేను పాడుతున్నాను.

ఆరోగ్యం జాగ్రత్త. సముద్రంలో లోతుకు దిగకు.

రామలింగం


వాల్తేరు,
8 ఆగస్టు 1937

అన్నయ్యా,

నీ ఉత్తరంలో కొసరు దగ్గరే ఆగిపోయాను. నిద్ర పట్టలేదంటే నమ్ము. పుస్తకాల్లో ఎక్కడా దొరకని సంగతి నువ్వు నవ్వుతూ రాసిపడేశావు.

ఉప్పుకు వేసే కొసరు వేరు. ఊరికే ఇచ్చాడని ఉప్పు ఎవడూ ఎక్కువ తినడు. నల్లమందు అలా కాదు గదా. ఇవాళ ఊరికే తిన్న కందిగింజంత వచ్చే సంతకు అవసరమై కూర్చుంటుంది. ఆ అవసరాన్ని వాడు ధర పెట్టి కొనుక్కోవాలి. కాబట్టి ఈ సరుకులో కొసరు ఔదార్యం కాదు, ఎర. నాన్నకు ఆ శాస్త్రం తెలియకపోయినా కిటుకు బాగా తెలుసు.

ఒక్కసారి కొసరు మాని చూడు. సర్కారు పెంచే ధర కంటే ఇదే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. ఇంకో ఊహ కూడా రాస్తాను, గుర్తుపెట్టుకో. అలవాటులో బాగా లోతుకు దిగినవాడు కొంచెం కొంచెంగా తగ్గించలేడు. సగం తిన్నా రేపటి ఆకలి అలాగే ఉంటుంది కాబట్టి, మానితే ఒక్కసారే మానేస్తాడు. మీ పొజ్జాను కనిపెట్టి చూడు.

ఇక్కడ మెస్సులో చారు నీళ్ళు నీళ్ళుగా ఉంటోంది. వదిన కాళ్ళకు దండం పెట్టి ఒక జాడీ నా పేరు మీదే పంపించమని అడుగు.

శ్రీరంగం


కొంటా,
25 అక్టోబరు 1937

శ్రీరంగానికి,

దీవెనలు తిరుపతమ్మ రాయమంటే రాస్తున్నాను. ఆమెవీ నావీ కలిపి ఒకటే అనుకో.

ఎర అన్నావు. నాన్న చెయ్యి గుర్తుందా నీకు? వేలి కొన మీద కొసరు పెట్టుకుని, ఎదుటివాడి అరచేతిలో రాసేవాడు. ఎవడి మీదా చెయ్యి విసిరేవాడు కాదు. ఆ చేతినే పట్టుకుని నువ్వు రాజమండ్రి బడికి వెళ్ళావు. ఎర వేసి పట్టిన చేపల మీద చదువుకున్నానని మీ ఆచార్యులకు కూడా చెప్పు.

ఇన్ని నెలలు రాయకపోవడానికి కోపమే కారణం. ఆ కోపంతోనే కొసరు మానేశాను. ముందు పొజ్జాకే మానేశాను, నువ్వు కనిపెట్టి చూడమన్నది వాడినే కాబట్టి. పొట్లం కట్టి ఇచ్చాను. వాడు ఎప్పటిలాగే చెయ్యి చాచాడు. నేను పక్కన ఉప్పు బేరం చూసుకున్నాను. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. తిరిగి చూసేసరికి చెయ్యి ముడిచి మెట్లు దిగుతున్నాడు. నవ్వలేదు.

తర్వాత దసరా వచ్చింది, ధర పెరిగింది. మిగిలినవాళ్ళందరూ తిట్టుకుంటూ కొంటున్నారు. నూకలు తగ్గించుకున్నారు, మందు తగ్గించుకోలేదు. అక్కడ మీ ఆచార్యుల మాట నిలబడింది. పొజ్జా మాత్రం ఆ రోజు తర్వాత మళ్ళీ రాలేదు. ఉప్పుకు కూడా రాలేదు. నువ్వన్నట్టే ఒక్కసారే మానేశాడు. సంతోషమేనా?

సంత రోజు పొద్దున్నే గుమ్మంలో వాడు నిలబడ్డట్టు అనిపించి పొట్లం కట్టేస్తున్నాను. తలెత్తితే ఎవరూ ఉండరు. కట్టింది విప్పి మళ్ళీ పెట్టెలో పెడుతున్నాను.

రామలింగం


వాల్తేరు,
21 నవంబరు 1937

అన్నయ్యకు అనేక నమస్కారాలు.

నాన్న గురించి అలా రాయకూడదు. రాసింది అర్థశాస్త్రమే గాని నాన్న మీద నింద కాదు. క్షమించు. తిట్టాలంటే సెలవులకు వచ్చినప్పుడు ఎదురుగా నిలబెట్టి తిట్టు.

కాని అన్నయ్యా, పొజ్జా మానేశాడని చదివి నేను గదిలో కూర్చోలేకపోయాను. సముద్రం ఒడ్డున చీకటి పడేదాకా తిరిగాను. ఎన్నేళ్ళ అలవాటు, ఎంత ముసలి ఒళ్ళు, ఒక్క లెక్కతో తెంచేసుకున్నాడు. మా ఆచార్యులు కూడా ఒప్పుకున్నారు. క్రిస్మసు సెలవుల్లో జరిగే అర్థశాస్త్ర సభల్లో ఈ వ్యాసం చదువుతున్నాను. పొజ్జా పేరు మార్చకుండా అలాగే పెట్టాను. అడవిలో ఒక రైతు రేపటిని ఎంత దూరం చూడగలడో పట్నం పెద్దలు వినాలి.

వాడు ఉప్పుకైనా రాకపోవడం నీ మీద అలకేమో. కనబడితే నా తరపున ఒక పొగాకు కట్ట ఇవ్వు. ఇక కొసరు అందరికీ ఆపేసినా మంచిదే.

శ్రీరంగం


కొంటా,
9 జనవరి 1938

శ్రీరంగానికి,

నువ్వు సముద్రం ఒడ్డున సంతోషంతో తిరిగిన రోజుకు పొజ్జా పోయి చాలా రోజులైంది. మాకూ తెలియదు. మొన్న సంతకు వాడి పెళ్ళాం ఆయతి వచ్చి చెప్పింది.

ఆ రోజు మన గుమ్మం దిగి వెళ్ళాక పొజ్జా మళ్ళీ మందు ముట్టలేదట. మన దగ్గర కొన్న పొట్లం కూడా దారిలో వాగులో వేశాడట. విరేచనాలు పట్టుకున్నాయి. చలి, వణుకు, కాళ్ళు నేలకేసి కొట్టుకోవడం. కొడుకు దేవా కొంటాకు పరుగెత్తి ఇంత తెస్తానంటే వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడని అడిగాను. ఆయతి నా మొహం వింతగా చూసింది.

"కొసరు ఆపినవంటే ఇగ రావద్దన్నట్టే గద సావుకారీ. నీ అయ్య ఉన్నప్పటి సంది అదే గద రివాజు. వద్దన్నోళ్ళ ఇంటిది ఎట్ల తింటడు?"

విన్నావా? వాడు ధర చూడలేదు, రేపటిని చూడలేదు. మన ఇల్లు వాడిని వెలివేసిందనుకున్నాడు. ఏం తప్పు చేశానో అని పోయేదాకా అదే అడిగాడట. నాన్న పెట్టిన రివాజు నాకు తెలియనిదా? తెలిసి కూడా తోచలేదు, నీ మీది కోపంలో.

ఆయతి నల్లమందుకే వచ్చింది. గూడెం బయట వాడికి రాయి నిలబెట్టారట. చనిపోయినవాడికి ఇష్టమైంది ఆ రాయి దగ్గర పెట్టాలి. పెట్టకపోతే ఇంటి చుట్టూ తిరుగుతాడు, ఎవరిదో ఒకరి ఒంట్లో కూర్చుంటాడు. పొట్లం కట్టి ఇచ్చాను. ఊరికే తీసుకోమంటే వినలేదు, తెచ్చిన చింతపండు దింపేసి, ఇక ప్రతి సంతకూ వస్తానని చెప్పి వెళ్ళింది.

పొగాకు కట్ట ఇమ్మన్నావు. అది కూడా ఆమె చేతికే ఇచ్చాను, నీ పేరు చెప్పలేదు.

రామలింగం


వాల్తేరు,
6 ఫిబ్రవరి 1938

అన్నయ్యా,

వ్యాసం చదివేశాను, చప్పట్లు కొట్టారు. అప్పటికి నీ ఉత్తరం అందలేదు. అందినా చదివేవాడినేమో అని భయంగా ఉంది.

వాడు ముసలివాడు, పోవడానికి వేరే రోగమేదో ఉండి ఉండవచ్చు. నువ్వు అంతా నీ నెత్తిన వేసుకోకు. నా నెత్తినా వెయ్యకు.

ఒక్క సంగతి జాగ్రత్త. చనిపోయినవాడికి గిరాకీ ఉండదు. రాయి తినదు. ప్రతి సంతకూ ఆయతి కొంటున్నదంటే తినేది ఆయతే అయి ఉంటుంది. మొగుడు తినగా తినగా పెళ్ళానికి అంటుకోవడం నేను చదివాను. నువ్వు వెంటనే అమ్మడం మానెయ్యి.

శ్రీరంగం


కొంటా,
20 మార్చి 1938

చిరంజీవి శ్రీరంగానికి,

నీ మాట పట్టుకుని ఆయతిని అనుమానించాను. ఆ పాపం కూడా నాతో చేయించావు.

ఒకరోజు ఆమె వెనకే గూడేనికి వెళ్ళాను. ఇప్పపువ్వు రాలే కాలం, దారంతా ఆ వాసనే. బాట పక్కన రాళ్ళ వరస ఉంది. చివరిది పొజ్జాది. వాళ్ళ ఆచారం ప్రకారం దానికి ఎద్దు తోక కట్టి ఉంది. రాయి అడుగున మన పొట్లాలన్నీ ఉన్నాయి శ్రీరంగం. మొదటి దాని నుంచి నిన్నమొన్నటి దాకా, ఆకు ఎండిపోయి, మందు బిగుసుకుపోయి. ఎవరూ ముట్టలేదు. చీమ కూడా ముట్టలేదు.

"తింటలేడు," అంది ఆయతి. "తక్కువైందని కోపమేమోనని ప్రతి సంతకు ఇంత ఎక్కువ కొంటున్న. అయినా ముడతలేడు."

అప్పుడు దేవా గూడెంలోంచి వచ్చి చెప్పాడు. చింతపండు అయిపోయాక ధాన్యం, ధాన్యం అయిపోయాక ఎద్దు. జతలో ఒక ఎద్దు ఇప్పటికే వెళ్ళిపోయింది. రెండోది కూడా అమ్ముతానని తల్లి పట్టుపట్టింది. తొలకరికి దున్నడానికి ఏమీ మిగలదు. దేవా చంటిపిల్లకు జ్వరం వస్తే, అదిగో ఇంట్లోకి వచ్చేశాడని ఆయతి రాత్రంతా ఏడ్చిందట. మా అమ్మకు మందు అమ్మకు సావుకారీ అని దేవా నా చేతులు పట్టుకున్నాడు. సరేనని నేను అమ్మడం ఆపితే, ఆమె శబరి దాటి అవతల దొంగచాటుగా అమ్మేవాడి దగ్గర అంతకంతా ఇచ్చి కొంటోంది. తినేవాడు చనిపోయాడు, పుచ్చుకునేవాడు ముట్టడు, కొనడం మాత్రం పెరుగుతోంది. దీనికి మీ శాస్త్రంలో చోటు ఎక్కడ?

పొజ్జాకేం కావాలని ఆయతిని అడిగాను. "కొన్నది వాడికెందుకు? నువ్వు ఆపినదే అడుగుతున్నడు. నీ చేత్తో పెట్టి, రమ్మని పిలువు," అంది.

చేత్తో పెడితే నేనే చంపానని ఒప్పుకున్నట్టు. గూడెమంతా చూస్తుంది. పెట్టకపోతే ఆ ఎద్దు పోతుంది, ఆ ఇల్లు మునుగుతుంది. ఏం చెయ్యమంటావో రాయి. ఈసారి నీ ఆచార్యులను అడక్కుండా రాయి.

రామలింగం


వాల్తేరు,
10 ఏప్రిల్ 1938

అన్నయ్యకు,

చదువుకున్న ఇంట్లో పుట్టి నువ్వు ఇలా రాయడం నాకు సిగ్గుగా ఉంది. నువ్వు ఒక్కసారి ఆ రాయి దగ్గర కొసరు పెడితే ఆమె నమ్మకం గట్టిపడుతుంది, జన్మంతా కొంటూనే ఉంటుంది. చనిపోయినవాడికి కూడా ఎర వేస్తావా? ఠేకా వదిలెయ్యి, దేవాకు ఒక ఎద్దు కొనిపెట్టు, అక్కడితో సరి.

శ్రీరంగం


కొంటా,
15 మే 1938

శ్రీరంగానికి,

నీ ఉత్తరం అందేసరికి పని అయిపోయింది. మంచిదే. ముందే అంది ఉంటే మళ్ళీ నీ మీద కోపంతో ఏం చేసేవాడినో.

ఆయతి, దేవా, వాడి పెళ్ళాం లక్మే చంటిదాన్నెత్తుకుని, ఎడంగా నిలబడ్డారు. నేను చెప్పులు విడిచి, నాన్న పట్టినట్టే వేలి కొన మీద కందిగింజంత పట్టి, పొజ్జా, తప్పు నాది, రా అన్నాను. మళ్ళీ అన్నాను. నల్లమందు జిగురు సరుకు, నీకు తెలుసు, వేలికి అంటుకుంటే బట్టతో తుడిచినా మరక పోదు. రాయి మీద పెట్టి చెయ్యి తీసేసరికి నా వేలు కడిగినట్టుంది. నడినెత్తి ఎండలో వేలు తిప్పి తిప్పి చూసుకున్నాను, మరక లేదు.

తర్వాతి సంతకు వెళ్ళి చూస్తే రాయి మీద అది లేదు. పాత పొట్లాలు అలాగే ఉన్నాయి, అది ఒక్కటే లేదు. ఏ ఉడతో పిట్టో అంటావు, అను. ఆయతి మాత్రం ఆ రోజు నుంచి కొనడం మానేసింది. ఎద్దును అమ్మలేదు. పక్కింటివాళ్ళ ఎద్దుతో జత కలిపి దున్నుకుంటామని దేవా వచ్చి చెప్పాడు. చంటిదాని జ్వరం కూడా తగ్గింది.

ఠేకా వదిలేశాను. మిగిలిన సరుకు తహసీలుకు అప్పజెప్పాను. కొత్తవాడు అప్పుడే పాడుకుని, సంత మొదట్లోనే కొట్టు పెట్టాడు. తిరుపతమ్మ దుకాణం గడపకు పసుపు రాసింది. ఉప్పు, బట్ట, పొగాకు, అంతే ఇక.

రామలింగం


వాల్తేరు,
5 జూన్ 1938

అన్నయ్యకు సాష్టాంగ నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి చాలా ఏడ్చాను. వ్యాసం అచ్చు వెయ్యవద్దని రాసేశాను. వాడు మానేసిన కారణం ఒకటి, నేను చప్పట్లు కొట్టించుకున్న కారణం ఒకటి. ఆ పేరు మీద నాకు డిగ్రీ వద్దు. పొగాకు గిరాకీ మీదో జనుము మీదో రాసుకుంటాను. మా ఆచార్యులకు కోపం వచ్చింది, అది తగ్గుతుంది.

చనిపోయినవాడికి ఎర అన్నాను. ఆ మాటకు నన్ను ఏమన్నా పడతాను. నేను పుస్తకం తెరిచి చూసే చోట నువ్వు చెప్పులు విడిచావు. ఆ ఇల్లు నిలబెట్టావు.

అయిపోయింది కదా అన్నయ్యా, ఇక నిశ్చింతగా ఉండు. నీకు మనసు బాగాలేదని వదిన విడిగా ఒక కార్డు రాయించింది. ఎందుకో అందులో చెప్పలేదు. ఠేకా పోయిన బెంగ అయితే కొన్నాళ్ళకు అదే పోతుంది. దసరాకు తప్పకుండా వస్తాను.

నీ శ్రీరంగం


కొంటా,
17 జూలై 1938

శ్రీరంగానికి దీవెనలు.

అయిపోయింది కదా అని అడిగావు. ఆయతికి అయిపోయింది. నాట్లు కూడా పడ్డాయట.

నేను ఆగలేదు. ఆ తర్వాత ప్రతి సంత రోజూ రాయి దగ్గరికి వెళ్తున్నాను. మొదట ఖాళీ పెట్టె అడుగున అంటుకున్నది గోకితే వచ్చినంత తీసుకెళ్ళాను. మొదటిసారి తీసుకున్నాడు కదా, మళ్ళీ తీసుకుంటాడనుకున్నాను. తీసుకోలేదు. పెట్టింది పెట్టినట్టే ఉంది. చాలలేదేమోనని మరుసటి వారం ఇంకొంచెం పెట్టాను. ఆ తర్వాత ఇంకొంచెం. నా వేలు మళ్ళీ ఎప్పుడూ శుభ్రం కాలేదు. ఆ గోకుడు కూడా అయిపోయాక కొత్త ఠేకేదారు కొట్టు ముందు నిలబడి కొంటున్నాను. పాత ఠేకేదారునని తెలిసి వాడు ఎక్కువే అడుగుతాడు. బేరం ఆడను. తిరుపతమ్మ తాళిబొట్టు తప్ప మిగతా నగలన్నీ పుట్టింట్లో దాచి వచ్చింది. కార్డు రాయించింది అందుకే.

నేను తింటున్నానేమోనని నీకు అనుమానం వస్తుంది. ఒక్క కణం నోట్లో పెట్టలేదు.

పోయిన వారం ఆయతి బాట మీద అడ్డంగా నిలబడింది. వర్షంలో తడుస్తూ నా కోసమే నిలబడిందట. కసిరితే బాగుండేది. మెల్లగానే చెప్పింది.

"మావోడికి నిండింది సావుకారీ. పడుకున్నడు. నీకే నిండుతలేదు. ఇగ రాకు."

సరేనన్నాను. అక్కడే ఒట్టు వేశాను. వారమంతా బాగానే ఉన్నాను. దుకాణంలో కూర్చున్నాను, నవ్వాను కూడా, తిరుపతమ్మ చూసింది. ఇవాళ సంత. పొద్దుటి నుంచి చేతులు కుదురుగా ఉండడం లేదు. వాటికి ఏదో ఒక పని పెడదామని నీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఎంత పొడుగు రాసినా చాలడం లేదు.

నువ్వు ఏం జవాబు రాస్తావో నాకు తెలుసు. ఆయతి చెప్పింది నిజమని కూడా తెలుసు. వాడు నన్ను పిలవడం లేదు శ్రీరంగం. నీడలో లేడు, గుమ్మంలో లేడు, కలలోకి కూడా రావడం లేదు. నిద్రపోతున్నాడు. అదే ఓర్చుకోలేకపోతున్నాను. ఒక్కసారి లేచి, ఒక్క కందిగింజంత నా చేతి నుంచి తీసుకుంటే చాలు, మానేస్తాను.

పొద్దున్నే కొన్నాను. పొట్లం జేబులో ఉంది. తిరుపతమ్మ పెరట్లో ఉంది. వాన తెరిపి ఇచ్చింది, వెళ్తున్నాను.